చేతిపని గిటారు

నేటి ప్రసంగమునకు నేను గైకొన్న విషయము గిటారు అను వాద్యము. ఈ పేరు మీకు క్రొత్తది కాదు. చలనచిత్రములలోను, పెండ్లివేడుకలలోను, కళాశాలలకు పోవు పిల్లల భుజములమీదను దీనిని చూచియే యుందురు. చూచియున్నను, ఇది పరదేశపు ఆటవస్తువు, దీనిలో వినదగినది ఏమున్నదని తలచువారు మనలో పెక్కురు గలరు. ఆ తలంపునకు కారణము లేకపోలేదు. మనము సాధారణముగ వినునది యంత్రశాలలో వేలకొలదిగ తయారైన గిటారు. దానిని విద్యుచ్ఛక్తితో హెచ్చించి, చిన్న బిళ్లతో తీగలన్నిటిని ఒక్కసారిగ గీచి మ్రోగింతురు. నేడు నేను చెప్పబోవునది దానిని గూర్చి కాదు. ఒక పనివాడు తన చేతులతో కొయ్యను కోసి, చిత్రిక పట్టి, అతికించి చేసిన గిటారును గూర్చియు, దానిని ఏ సాధనమును లేక ఉత్త వ్రేళ్లతో పలికించు పద్ధతిని గూర్చియు చెప్పెదను. నేను విద్వాంసుడను గాను. కొంతకాలముగ ఈ వాద్యమును అభ్యసించుచు, బాగుగ వాయించువారిని విని తెలిసికొనినవాడను.

మొదట వాద్యస్వరూపమును చెప్పెదను. వీణను ఎఱిగినవారికి దీనిని తెలిసికొనుట సులభము. వీణకు కుండ యున్నట్లు గిటారునకు ఒక పెట్టె గలదు. అది నడుమ సన్నగిలి, పైనను క్రిందను వెడల్పై, 8 అంకెను బోలియుండును. ఆ పెట్టెకు పైపలక, వెనుకపలక, వంచిన ప్రక్కబద్దలు రెండు ఉండును. పైపలక నడుమ గుండ్రని రంధ్రము గలదు. పెట్టెనుండి దండి వెడలును. దండిమీద లోహపు మెట్లు ఉండును. వీణ మెట్లను మైనముమీద నిలుపుదురు. గిటారు మెట్లను కొయ్యలోనికే దిగగొట్టుదురు. దండి చివర బిరడలు, పైపలకమీద అంటించిన గుఱ్ఱము, ఈ రెంటి నడుమ బిగించిన ఆరు తీగలు. తీగ పలుకు నిడివి సుమారు 65 సెంటీమీటర్లు.

ఇక వాయించు పద్ధతి. ఎడమచేతి వ్రేళ్లు మెట్లకడ తీగలను అదుముచుండగా, కుడిచేతి వ్రేళ్లు మీటుచుండును. బొటనవ్రేలు క్రింది స్థాయి తీగలను, చూపుడువ్రేలు, నడిమివ్రేలు, ఉంగరపువ్రేలు పై స్థాయి తీగలను మీటును. ఇందువలన ఒక్కనికే రెండు మూడు పలుకులు ఒక్కసారిగ సాధ్యమగును. బొటనవ్రేలు ఆధారమును నడుపుచుండ, ఉంగరపువ్రేలు పాటను పాడును; నడిమి రెండు వ్రేళ్లు వానిమధ్య నిండుదనమును కల్పించును. దక్షతగల వాదకుడు ఈ మూటిని మూడు కంఠములవలె వేరుచేసి వినిపింపగలడు. ఒకదానిని గట్టిగ, ఒకదానిని మెల్లగ, ఒకదానిని గోటితో, ఒకదానిని వ్రేలి కండతో పలికించును. గుఱ్ఱమునకు దగ్గరగ మీటిన గరుకు స్వరము వచ్చును. రంధ్రముకడకు జరిగి మీటిన మెత్తని స్వరము వచ్చును. ఈ భేదములన్నియు వ్రేలికొనయందే యున్నవి. అయితే వ్రేలు చేసిన భేదము శ్రోత చెవికి చేరవలెనన్న, వాద్యము ఆ భేదమును గ్రహింపవలెను. ఆ గ్రహింపు అన్ని గిటారులకును ఉండదు.

ఎందుచేత ఉండదో విచారింతము. ఒక తీగను రెండు గోడల నడుమ బిగించి మీటినయెడల, వచ్చు ధ్వని చెంతనున్నవానికే గాని వినబడదు. తీగ సన్నము, అది గాలిని ఎక్కువగ కదల్పలేదు. అదే తీగను పెట్టెమీద బిగించినప్పుడు దాని వణకు గుఱ్ఱముగుండ పైపలకకు ప్రాకును. పలక వెడల్పైనది గనుక గాలిని కదల్చును. పెట్టెలోని గాలియు రంధ్రముగుండ ఊపిరివలె ఆడును. కాబట్టి మనము వినునది ముఖ్యముగ పలక పలుకు. తీగ దానిని ప్రేరేపించునది మాత్రమే. వ్రేలు ఇచ్చు బలము స్వల్పము. ఆ స్వల్పబలముతోనే పలక కదలవలెనన్న, అది పలుచనగను తేలికగను ఉండవలెను.

ఇచ్చట చిక్కొకటి గలదు. ఆరు తీగలు కలిసి పలకను లాగు బలము, నైలాను తీగలైన సుమారు 40 కిలోల బరువునకు సమానము. ఉక్కుతీగలైన 70 కిలోలకు మించును. ఈ లాగుడు పగలు రాత్రి, ఏండ్లతరబడి ఆగదు. దానిని మోయు పలక మందము చేతిపని గిటారులలో 2 మొదలు 3 మిల్లీమీటర్ల వరకే యుండును. మందము హెచ్చించిన పలక వంగదు, విరుగదు, పలుకనుకూడ పలుకదు. మందము తగ్గించిన మధురముగ పలుకును. కాని కొన్ని ఏండ్లకు గుఱ్ఱముకడ క్రుంగిపోవచ్చును. పలుకుటకును నిలుచుటకును గల ఈ స్పర్ధయే గిటారు పనివాని వృత్తియందలి సారము. పలకకు లోపలివైపున సన్నని బద్దలను అతికించి, బరువు పెరుగకుండ బలము కలుగునట్లు అతడు ఏర్పాటు చేయును. ఏ బద్దను ఎచ్చట పెట్టవలెను, ఎంత చెక్కవలెను అనునదే అతని విద్య.

యంత్రశాలలో ఈ విద్యకు తావు చాల తక్కువ. అచ్చట వేయి పలకలను ఒకే మందమునకు కోయుదురు. కాని ఏ రెండు పలకలును ఒకటి గావు. ఒకే మానునుండి కోసినవైనను, ఒకటి బిఱుసుగను, ఒకటి మెత్తగను ఉండును. వానిలో మెత్తనిదికూడ విఱుగకుండవలెనని, అన్నిటిని దానికి తగినంత మందముగ ఉంచుదురు. అందుచేత బిఱుసైన మంచిపలక తనకు అక్కరలేని బరువును మోసికొని మూగవోవును. ఒక పనివాని కొట్టములో నేను కొంతసేపు కూర్చుండి చూచితిని. అతడు పలకను రెండు వ్రేళ్ల నడుమ ఒకచో పట్టుకొని, మెటికతో తట్టి, చెవికడ పెట్టుకొని వినుచుండెను. పిమ్మట రెండు చేతులతో అడ్డముగను నిలువుగను కొంచెము వంచి చూచెను. చిత్రికతో రెండు పొరలు తీసి మరల తట్టెను. మొదట మొద్దుగ పలికిన పలక క్రమముగ కంచుపళ్లెమువలె నినదించుట మొదలుపెట్టెను. ఎప్పుడు ఆపవలెనో నీకెట్లు తెలియునని నేనడుగగా, అతడు చేయి చూపెనే గాని మాట చెప్పలేదు.

ఈ విషయమున ప్రమాణపురుషుడు స్పెయిను దేశమువాడైన ఆంతోనియో దె టోరెస్. అతడు 1817లో ఆల్మెరియా పట్టణము చెంతనున్న పల్లెలో జన్మించెను. 12 ఏండ్ల ప్రాయమున వడ్రంగముపనిలో కుదిరెను. తరువాత సెవిల్ నగరమునకు పోయి గిటారులు చేయుట కారంభించెను. నాటి గిటారులు చిన్నవి, ధ్వని తక్కువ. టోరెస్ పెట్టెను పెద్దదిగ చేసి, పైపలకను పలుచచేసి, దానికి స్వల్పమైన ఉబ్బును ఇచ్చి, లోపల ఏడు బద్దలను విసనకఱ్ఱ పుల్లలవలె పఱచెను. విసనకఱ్ఱ రీతి బద్దలు అంతకుముందే యున్నవి; వానిని పెట్టెతోను పలకతోను చక్కగ పొందుపఱచిన కీర్తి అతనిది. 1858లో సెవిల్ నగర ప్రదర్శనమున అతనికి పతకము లభించెను. నేటికిని నైలాను తీగల గిటారును చేయువారిలో అధికసంఖ్యాకులు అతని కొలతలనే మూలముగ గ్రహించుచున్నారు.

గిటారు ధ్వనికి మూలము పైపలకయే యని టోరెస్ నమ్మెను. వాదించువారిని నోటితో ఒప్పింపక, 1862లో వింతయైన గిటారును ఒకటి చేసెను. దానికి పైపలకను మాత్రము మంచి కొయ్యతో చేసి, వెనుకపలకను ప్రక్కబద్దలను దళసరి అట్టతో చేసెను. అది గిటారువలెనే పలికెను. ఆ వాద్యము నేటికిని బార్సెలోనా నగరమందలి సంగీత వస్తుప్రదర్శనశాలలో భద్రముగ నున్నది. వెనుకనుండు విలువగల కొయ్య అనవసరమని దీని తాత్పర్యము గాదు. అది స్వరమునకు రంగును, నిలుకడను ఇచ్చును. ఏది ముఖ్యము, ఏది తదనంతరము అనునది మాత్రము ఆ అట్టగిటారువలన తేటపడినది.

ఇంతటి పనివానికి ఆ పని కూడు పెట్టలేదు. 1870 ప్రాంతమున అతడు సెవిల్ విడిచి ఆల్మెరియాకు మరలి, పింగాణి పాత్రల అంగడి పెట్టుకొనెను. కొన్ని ఏండ్లు గిటారు చేయుటయే మానెను. తిరిగి 1875లో ఆరంభించి, అంగడిపని తీఱినవేళల చేయుచు, 1892లో మరణించునంతవరకు చేసెను. ముసలితనమున అతని చేయి వణకుచుండగా, సన్నని పనులకు తోడ్పడిన మిత్రుడొకడు, మతాచార్యుడు, ఆ దినములను గూర్చి తరువాత వ్రాసియున్నాడు. నీ పనిలోని మర్మమును లోకమునకు చెప్పిపొమ్మని అడుగగా, ఆ మర్మము తన బొటనవ్రేలి కొనయందును చూపుడువ్రేలి కొనయందును ఉన్నదనియు, పలక సరిగ తయారైనదా లేదా అని ఆ వ్రేళ్లే తన బుద్ధికి తెలుపుననియు, దానిని విడిచిపోవుట తన తరము గాదనియు టోరెస్ చెప్పెనట.

అతని గిటారులలో 1864లో చేసినది ఫ్రాన్సిస్కో తార్రెగా అను వాదకుని చేతికి 1869లో వచ్చెను. తార్రెగా 1852లో జన్మించి 1909లో గతించిన మహావాదకుడు. అతడు కడపటి ఏండ్లలో గోళ్లను కత్తిరించుకొని, వ్రేలి కండతోనే మీటుచుండెను. కండతో మీటిన ధ్వని చిన్నది, మెత్తనిది. అంత మెత్తని స్పర్శను ఆశ్రయించుటకు అతనికి ధైర్యము కలిగెనన్న, తన ఎదుటి వాద్యము దానికి బదులు పలుకునను విశ్వాసము ఉండుటచేతనే యని నేను భావింతును. చేసినవాని వ్రేలికొనకును వాయించువాని వ్రేలికొనకును ఉన్న ఈ సంబంధమును ఎఱిగిననే చేతిపని గిటారు మనకు అర్థమగును.

నాటి పై స్థాయి తీగలు గొఱ్ఱెప్రేవులతో పేనినవి. 1940వ దశాబ్దిలో వానికి బదులు నైలాను తీగలు వచ్చినవి. ఉక్కుతీగల గిటారునకు మార్గము వేరు. జర్మను దేశమునుండి 1833లో అమెరికాకు పోయిన క్రిస్టియన్ ఫ్రెడరిక్ మార్టిన్ అను పనివాడును, అతని కాలపువారును 1840వ దశాబ్దిలో పలక లోపలి బద్దలను గుణకారపు గుర్తువలె అడ్డముగ పెట్టు పద్ధతిని అవలంబించిరి. ప్రేవు తీగలకై పుట్టిన ఆ పద్ధతియే తరువాత ఉక్కుతీగల లాగుడును భరించుటకు తగినదాయెను. నేడు ఉక్కుతీగలను వ్రేళ్లతో వాయించువారి గిటారులలో ఎక్కువ భాగము ఆ సంప్రదాయములోనివే. వానియందును నియమము ఒక్కటియే. గీచి మ్రోగించువానికి గట్టిపలక చాలును. వ్రేళ్లతో పలికించువానికి తేలికపలక కావలెను.

కొయ్యను గూర్చి ఒక మాట. పైపలకకు స్ప్రూస్ అను చలిదేశపు చెట్టు శ్రేష్ఠము. అది బరువు తక్కువ, బిఱుసు ఎక్కువ. చలిప్రదేశములలో మెల్లగ పెరుగుటచే దాని చారలు దగ్గరదగ్గరగ నుండును. మానును నడిమినుండి అంచునకు చీల్చి, ఆ చీలికను పుస్తకమువలె రెండుగ విప్పి అతికింతురు. వెనుకపలకకు పూర్వము బ్రెజిలు దేశపు నల్లచేవ కొయ్యను వాడిరి. అది కొఱతపడగా, 1960వ దశాబ్ది చివరనుండి పెద్ద పనిశాలలు మన దక్షిణదేశపు చేవకొయ్యను ఆశ్రయించినవి. అది మన అడవులలో ఇరుగుడు అనియు జిట్రేగి అనియు పేరుగల చెట్టు. మంచములకు, బీరువాలకు మీరు వాడి యుందురు. బ్రెజిలు చెట్టు వాణిజ్యమును 1992లో అంతర్జాతీయ ఒడంబడిక నిషేధించెను. మన ఇరుగుడు జాతినికూడ 2017లో కట్టుబాటు క్రిందికి తెచ్చి, 2019లో తయారైన వాద్యములకు మాత్రము సడలింపు ఇచ్చిరి. చేవపట్టుటకు రెండుమూడు తరములు కావలసిన చెట్టు అది. దానిని నఱకినవాడు మంచిపని చేసి చూపినగాని ఆ ఋణము తీఱదు.

చేతితో చేసినంతమాత్రమున ప్రతి గిటారును మంచిది కానేరదు. మంచిచెడ్డలను తెలియుటకు సంగీతశాస్త్రము నేర్వనక్కరలేదు. చెవియు ఓపికయు చాలును. మొట్టమొదట వాద్యమును చేతనెత్తి చూడవలెను. మంచి నైలాను తీగల గిటారు కిలోన్నర చుట్టుప్రట్లనే తూగును. పిమ్మట వాయించువానిని, చేతనైనంత మెల్లగ మీటుమని కోరవలెను. అంగడులలో అందఱును గట్టిగ వాయించి చూపుదురు. గట్టిగ వాయించిన ఏ గిటారైనను మ్రోగును. మెల్లగ మీటినప్పుడుకూడ స్వరము పల్చబడక, గదికి అవతలి మూలకు చేరెనా యని వినవలెను. తరువాత ఒక్కొక్క తీగను ఒక్కొక్క మెట్టుమీద పలికింపవలెను. కొన్ని గిటారులలో కొన్ని మెట్లకడ స్వరము చచ్చిపోవును, దానిని గుర్తింపవలెను. అటుపై బొటనవ్రేలితో క్రింది తీగను, ఉంగరపువ్రేలితో పై తీగను ఒక్కసారిగ మీటించి, రెండును వేర్వేరుగ వినబడుచున్నవా, క్రిందిది పైదానిని మ్రింగుచున్నదా యని పరీక్షింపవలెను. గుఱ్ఱముకడ మీటిన స్వరమును రంధ్రముకడ మీటిన స్వరమును ఒకటే యైనయెడల, అది వ్రేలివాదనకు తగినది గాదు.

ఇదంతయు విన్నపిదప చూపు. రంధ్రముగుండ లోనికి దీపము చూపి, బద్దల అతుకులను పరికింపవలెను. ఎవ్వరును చూడనిచోట బంక కారకుండ, బద్ద చివరలు నునుపుగ చెక్కి యుంచినవాడు తక్కినచోట్ల మోసము చేయడు. రంధ్రము చుట్టు పొదిగిన రంగురంగుల కొయ్యచక్రము, ముత్యపుచిప్ప నగిషీలు కడపట చూడవలసినవి. అవియు అందమే, కాని వాని వెల వేఱు, స్వరము వెల వేఱు.

ఇట్టి వాద్యమును కాపాడుటయు ఒక పనియే. పలుచని పలక గాలిలోని తేమను త్రాగి ఉబ్బును. ఎండిన బిగిసి చీలును. గాలియందు తేమ నూటికి 45 మొదలు 55 వంతుల వరకు ఉండుట దానికి హితము. మన వైశాఖపు ఎండలో రేకుల ఇంటిలో గోడకు వ్రేలాడదీసిన గిటారు ఏడాదిలో పగులును. దానిని పెట్టెలో నుంచి, చల్లని గదిలో, నేలకు తగులకుండ ఎత్తున పెట్టవలెను.

పెద్దలారా! ఇంతవఱకు చెప్పినది పరదేశపు వాద్యమును గూర్చియే యైనను, దానిలోని ధర్మము మనకు తెలియనిది గాదు. బొబ్బిలి చెంతనున్న గొల్లపల్లిలో పనసమానును తొలిచి, కుండయు దండియు ఒకే కొయ్యలో ఏకాండివీణను చేయు పనివారు, కుండగోడ మందమును చేతితోనే నిర్ణయింతురు. వారికిని టోరెస్‌కును భాష వేఱు, పని ఒక్కటి. ఉభయులకును కలిగిన ఇబ్బందియు ఒక్కటియే. కొనువాడు స్వరమును అడుగక నగిషీని అడిగినప్పుడు, పనివాడు నగిషీనే చేయును. కొనువాడు చౌకను మాత్రమే అడిగినప్పుడు, పనివాడు పనియే మానును. టోరెస్ అంతటివాడు పింగాణి పాత్రలను అమ్ముకొన్నది చేయి చాలకకాదు. చేతికి తగిన వెల నిచ్చువారు చాలినంతమంది లేక.

మీ యింట మనుమడో మనుమరాలో గిటారు కావలెనని అడిగినయెడల, ఇది మనది కాదని త్రోసిపుచ్చకుడు. మొదట నేర్చుకొనుటకు యంత్రశాలలో చేసిన సాధారణమైనది చాలును. దానితో తప్పేమియు లేదు. రెండు మూడేండ్లు శ్రద్ధగ అభ్యసించి, తన వ్రేళ్లు చేయు భేదములు ఆ వాద్యములో వినబడుటలేదని బిడ్డ తానే చెప్పిననాడు, మంచిపనివానిని వెదకుడు. అతడు ఒక గిటారునకు వంద గంటలకు మించి శ్రమించునని జ్ఞాపకముంచుకొని బేరమాడుడు. వెల ఇచ్చుటకు ముందు బిడ్డను మెల్లగ మీటుమని చెప్పి, మీరు గదికి ఆవలిమూల కూర్చుండి వినుడు. భజనలలో, హరికథలలో, వీథినాటకములలో ఏండ్లకొలది శ్రుతి విన్న మీ చెవికి ఆ తీర్పు అసాధ్యము గాదు.